ట్రాన్స్‌జెండర్ రోగుల సంరక్షణను ఫార్మసీ విద్యార్థులకు ఎలా బోధించాలి?

తిరుపతిలోని ఒక కళాశాలలో ఫార్మ్‌.డి. విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. గత నెల ఆసుపత్రి శిక్షణలో మా విద్యార్థి ఒకరు ఓపీ చీటీ మీదున్న పాత మగ పేరును గట్టిగా చదివి పిలిచారు. చీర కట్టుకొని వరుసలో నిలబడిన ఆమె ఒక్క మాటా అనకుండా చీటీ అందుకొని, నాలుగు మడతలు పెట్టి, మందులు తీసుకోకుండానే వెళ్లిపోయారు. అతనికి దురుద్దేశం లేదు, మేమే నేర్పలేదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, 2019 వైద్య పాఠ్యప్రణాళికను సమీక్షించాలని చెబుతోంది. మందులిచ్చే చేతులకూ ఆ శిక్షణ అవసరమేనని నా నమ్మకం. పురుష హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే స్పైరనోలాక్టోన్ వాడుతున్నవారికి రక్తపోటు కోసం టెల్మిసార్టాన్ తోడైతే పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చని, టెస్టోస్టెరాన్ తీసుకునేవారికి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) గమనిస్తుండాలని చెప్పగలను. కానీ మూత్రపిండాల పనితీరును అంచనా కట్టే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో, స్త్రీలకు 0.85తో గుణించాలన్న చోట విద్యార్థులు ఆగి, ట్రాన్స్‌జెండర్ మహిళ గురించి "మేడమ్, ఈమెకు గుణించాలా, వద్దా?" అని అడిగినప్పుడు, హార్మోన్లు ఎన్నాళ్లుగా వాడుతున్నారో చూడాలన్న నా జవాబు వారికి చాలడం లేదు.

ఈ పాఠం చెప్పిన అధ్యాపకులు ఉంటే, ఆ లెక్కను ఎలా వివరించారో దయచేసి తెలపండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనే తరగతికి బోధకులుగా పిలవాలనుంది. వారిని వింతగా చూసే పరిస్థితి రాకుండా, తగిన పారితోషికంతో, ఎలా ఆహ్వానించాలి? "మీరు" అనే మాటలో ఆడా మగా తేడా లేకపోవడం మన భాషలో ఉన్న సౌకర్యం. అయితే కౌంటర్ దగ్గర నలుగురి ముందు పేరు ఎలా అడగాలో, ఆ సమాజానికి చెందినవారే చెబితే అదే మా మొదటి పాఠం అవుతుంది.