మిగిలిపోయిన కాంటాక్ట్ లెన్స్ సొల్యూషన్‌ను వాడవచ్చా?

చిగురు: నాలుగు నెలల క్రితం మూత తీసిన సీసాలో ఇంకా మూడో వంతు సొల్యూషన్ మిగిలి ఉంది. గడువు వచ్చే ఏడాది వరకు ఉంది, వాసనలో తేడా లేదు. వాడవచ్చా? ప్రయాణానికి కొంత చిన్న సీసాలోకి పోసుకోవచ్చా?

వెన్నెలవాకిలి: వాసన చూసి నమ్మకండి. లెన్స్ డబ్బాలోని పాత ద్రవం పారబోయకుండా దానిపైనే కొత్తది పోసే బద్ధకం నాకుండేది. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా సోకి రెండు రోజుల్లోనే నల్లగుడ్డు మీద పువ్వు పడింది. రాత్రంతా గంటగంటకూ చుక్కలు వేయించుకున్నాను. మచ్చ మాత్రం మిగిలిపోయింది.

ఏటిగట్టు: ప్రతిసారీ వాడేవారినే నిందించడమేమిటి? వాడినవారి కళ్లకు బూజు సోకడంతో బాష్ అండ్ లాంబ్ కంపెనీ రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే లెన్స్ సొల్యూషన్‌ను 2006లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. సొల్యూషన్‌లోనే బూజు ఉందన్నమాట.

సూక్ష్మదర్శిని: పద్దెనిమిదేళ్లుగా మైక్రోబయాలజీ ప్రయోగశాలలో పనిచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, అది పొరపాటు. అమెరికాలో నిర్ధారించిన 164 కేసులను పరిశీలించినప్పుడు మూత తీయని సీసాలలో ఫ్యుజేరియం అనే ఆ బూజు దొరకలేదు. రోగులలో దొరికినది జన్యుపరంగా రకరకాలుగా ఉంది. అంటే అది ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చినది కాదు.

ఏటిగట్టు: కంపెనీ తప్పేమీ లేకపోతే సరుకును ఎందుకు ఉపసంహరించుకున్నట్టు? మీ పద్దెనిమిదేళ్ల అనుభవం ఈ ప్రశ్నకు జవాబు చెబుతుందా?

సూక్ష్మదర్శిని: కంపెనీ నిర్దోషి అని నేను ఎక్కడ అన్నాను? బూజు బయటినుంచే వచ్చింది, దానిని చంపవలసిన సొల్యూషన్ చంపలేకపోయింది. ద్రవం ఆరి చిక్కబడినప్పుడు దాని శక్తి మరింత తగ్గింది. కలుషితం కావడం వేరు, పనిచేయకపోవడం వేరు.

వరికుప్ప: మన పల్లెల్లో కంటికి బూజు సోకేది ఎక్కువగా వడ్ల పొట్టో, ఆకు అంచో తగిలినప్పుడు. ఎర్రబడగానే మందుల దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకుంటారు, దానితో బూజు ఇంకా లోతుకు పాకుతుంది. మా బాబాయి కన్ను అలాగే పోయింది. లెన్సుల వారికి కనీసం సీసా మీద సూచనలైనా ఉన్నాయి.

తెల్లకాగితం: నేను ఆరేళ్లుగా లెన్సులను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టే పద్ధతినే వాడుతున్నాను, ఒక్కసారి కూడా కన్ను ఎర్రబడలేదు.

వెన్నెలవాకిలి: అలా నానబెట్టాక ఆరు గంటలు గడవకముందే లెన్స్ పెట్టుకుంటే కన్ను ఎలా మండుతుందో కూడా చెప్పండి. కుళాయి నీటిలో కంటికి సోకే అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు కాబట్టి డబ్బాను ఆ నీటితో కడగవద్దని కూడా చేర్చండి.

చిగురు: సీసా పారేశాను. చిన్న సీసా సంగతి ఎవరూ చెప్పలేదు.

సూక్ష్మదర్శిని: పోయకండి. వేరే సీసాలోకి మారిన క్షణం నుంచి అది శుద్ధమైనదని చెప్పలేం. చిన్న ప్యాక్ దొరుకుతుంది, అదే కొనుక్కోండి.