అప్‌డేట్: వలస విద్యార్థుల స్కాలర్‌షిప్ నిధి, చివరికి ఇలా తేలింది

అమెరికాలో డాకా (చిన్నప్పుడే పత్రాల్లేకుండా వచ్చినవాళ్లకి తాత్కాలిక రక్షణ) ఉన్నవాళ్లకీ, హెచ్-4 (హెచ్-1బీ లాంటి వీసాపై పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకీ ఫెడరల్ ప్రభుత్వ సాయం అందదు కదా, వాళ్ల కాలేజీ ఫీజుకి డబ్బు పోగు చేయాలంటే సొంతంగా 501(సి)(3) సంస్థ (పన్ను మినహాయింపున్న స్వచ్ఛంద సంస్థ) పెట్టాలా అని ఇక్కడ అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పెట్టక్కర్లేదు. "ముందు కమ్యూనిటీ ఫౌండేషన్‌ని అడగండి" అన్న సలహాయే పనిచేసింది. అంటే, స్థానిక దాతల నిధుల్ని చూసుకునే స్వచ్ఛంద సంస్థ. వాళ్ల కిందే ఒక స్కాలర్‌షిప్ నిధి తెరిచారు. రసీదులు, పన్ను లెక్కలు వాళ్లవే, కాస్త ఫీజు తీసుకుంటారు.

సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) మాత్రం మా ఫ్లయర్ చూడగానే ఆపేశారు. దాని మీద ఒక అమ్మాయి ఫొటో, కింద "ఈమె చదువుకి ఇవ్వండి" అని ఉంది. ఫలానా మనిషికే అని ఇస్తే దాతకి పన్ను మినహాయింపు రాదట. ఎంపిక కమిటీలో కూడా మా మాటే చెల్లేలా ఉండకూడదు. ఆ పిల్లకి ఈ సంగతి చెప్పడం చాలా కష్టమైంది. తర్వాత అందరితోపాటే దరఖాస్తు పెట్టుకుంది.

ఇంకోటి, బయటి స్కాలర్‌షిప్ వస్తే కొన్ని కాలేజీలు తమ సాయాన్ని ఆ మేరకు కోసేస్తాయి. చెక్కు పంపేముందే కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసుకి ఫోన్ చేసి, విద్యార్థి చేతినుంచి కట్టాల్సిన దాంట్లోనే తగ్గించమని అడగండి. మాకు ఒప్పుకున్నారు.

లోగో, వెబ్‌సైట్ గురించి నేను పడ్డ హైరానా అనవసరం. కంపెనీల మ్యాచింగ్ ఫారం (ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కూడా జోడించడానికి) నింపమని దాతలకి గుర్తుచేయడమే ఎక్కువ పనికొచ్చింది. మొదటి ఇద్దరి ట్యూషన్ చెక్కులు పోయిన వారం వెళ్లాయి.