ముడ్డిపూస దగ్గర కణితి: తల్లిదండ్రులకిచ్చే కాగితంలో ఏమని రాయాలి?

పోస్టు:
పిల్లల సర్జరీ వార్డులో తల్లిదండ్రులకు ఇవ్వడానికి రెండు పేజీల కాగితం ఒకటి తెలుగులో రాస్తున్నాను. శాక్రోకాక్సీజియల్ టెరటోమా, అంటే పుట్టుకతోనే బిడ్డకు వెన్నెముక చివర ఉండే కణితి, దాని దగ్గర ఆగిపోయాను. పాఠ్యపుస్తకాల పద్ధతిలో అయితే త్రికానుత్రిక కణితి అనాలి, త్రికం అంటే వెన్ను అడుగున తుంటి ఎముకల మధ్య ఉండే సేక్రం, అనుత్రికం అంటే దాని కింద చివరన ఉండే కాక్సిక్స్. అది చదివి ఏ తల్లికి ఏం అర్థమవుతుంది చెప్పండి. పోనీ ముడ్డిపూస అని రాస్తే "ఆస్పత్రి కాగితంలో ఆ మాటేంటండీ" అంటున్నారు మావాళ్లు. తోకపూస అందామా? టెరటోమాకి తెలుగు మాట ఏమైనా ఉందా?

కామెంట్:
తోకపూసకే నా ఓటు. మర్యాదగా ఉంది, అర్థమూ అవుతుంది.

కామెంట్:
త్రికానుత్రికలో తప్పేముందండీ? సవర్ణదీర్ఘ సంధి, శుభ్రంగా కుదిరింది. రెండు తుంటి ఎముకలూ వెన్నూ, మూడూ కలిసే చోటు కాబట్టి త్రికం అంటారు. దాని వెంట ఉండేది అనుత్రికం, అనుచరుడిలో ఉన్న అను లాంటిదే. శాస్త్రానికి శాస్త్రపదమే ఉండాలి.

కామెంట్:
మాస్టారూ, సంధి కుదిరింది, కాదనను. మెడికల్ విద్యార్థుల పుస్తకంలో హాయిగా రాసుకోవచ్చు. కానీ ఈ కాగితం చదివేది నిన్నో మొన్నో కాన్పై, బిడ్డ వెనకాల గడ్డ చూసి ఏడుస్తున్న తల్లి, సంతకం పెట్టాల్సిన తండ్రి.

తోకపూస మాత్రం వద్దే వద్దు. మామూలుగా అయితే మంచి మాటే, కానీ ఈ జబ్బుకు పనికిరాదు. ఇలాంటి బిడ్డ పుట్టగానే చుట్టుపక్కల వాళ్లు అనే మొదటి మాట "తోకతో పుట్టిందట". అది తోక కాదు. పిండం మూడో వారంలో వెన్ను వైపు ఒక చార ఏర్పడుతుంది, అందులోని కణాలు ఒంట్లో ఏ భాగంగానైనా మారగలవు, పని అయ్యాక ఆ చార కరిగిపోవాలి. కొన్ని కణాలు ముడ్డిపూస దగ్గర మిగిలిపోయి పెరిగితే ఈ కణితి అవుతుందని భావిస్తారు. అందుకే కోసి చూస్తే లోపల కొవ్వు, మృదులాస్థి, వెంట్రుకలు, ఒక్కోసారి పన్ను కూడా ఉంటాయి. దాదాపు 35,000 నుంచి 40,000 కాన్పులకు ఒకరిలో కనిపిస్తుంది, ఆడపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. తల్లి తిన్నదానికీ తిరిగినదానికీ దీనితో సంబంధం లేదు.

పేరు ఊరికే పోదు. గ్రహణం మొర్రి సంగతి చూడండి, కడుపుతో ఉన్నావిడ గ్రహణం పూట బయటికొచ్చిందన్న నింద ఆ పేరులోనే ఉంది, ప్లాస్టిక్ సర్జన్లు ఎంత మొత్తుకున్నా జనం నోట ఆ మాట పోలేదు. ఇప్పుడు మనమే తోక అని అచ్చేసి ఇంకో నింద పుట్టించడం దేనికి? టెరటోమా కూడా అంతే, దాని గ్రీకు మూలానికి అర్థం రాక్షసరూపం లాంటిది. దయచేసి దాన్ని ఎవరూ తెలుగు చెయ్యకండి, "టెరటోమా అనే కణితి" అంటే చాలు.

ఇక ముడ్డిపూస. పల్లెలో ముసలమ్మలు "ముడ్డిపూస మీద పడ్డాడు" అని ఏ సిగ్గూ లేకుండా అంటారు, మొహమాటమంతా చదువుకున్న మనకే. పైగా ఇక్కడ ఆ మాట రాయక తప్పదు, ఎందుకంటే ఆపరేషన్లో కణితితో పాటు ఆ ఎముకనీ తీసేస్తారు. వదిలేస్తే మళ్లీ వచ్చే ప్రమాదం బాగా ఎక్కువని 1951లోనే అమెరికా పిల్లల సర్జన్ గ్రాస్ బృందం చూపించింది. "అనుత్రికాన్ని తొలగిస్తాము" అని రాస్తే అర్థంకాక సంతకం పెట్టేస్తారు, తర్వాత ఎవరో ఎముక తీశారని చెబితే పిల్ల కూర్చోగలదా నడవగలదా అని హడలిపోతారు. ముడ్డిపూస అంటే నిజానికి మూడు నుంచి ఐదు దాకా ఉండే చిన్న చిన్న ఎముకలు, తీసేసినా కూర్చోవడానికీ నడవడానికీ ఇబ్బంది ఉండదు. ఈ ముక్క కాగితంలో తప్పకుండా రాయండి.

కామెంట్:
గడ్డ అంటే సరిపోదా? అందరికీ తెలిసిన మాట కదా అన్నా.

కామెంట్:
తమ్ముడూ, గడ్డ అంటే చీముగడ్డ అనుకునే వాళ్లే ఎక్కువ. అదే చోట అలాంటిది వేరే ఉంది, పైలోనిడల్ సైనస్. పిర్రల మధ్య చీలికలో వెంట్రుకలు చర్మంలోకి దిగి, చీము పట్టి, సన్నటి దారి చేసుకుంటుంది. లాటిన్లో ఆ పేరుకు వెంట్రుకల గూడు అని అర్థం, 1880లో హాడ్జెస్ అనే అమెరికా డాక్టర్ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల్లో తిరిగే అమెరికా సైనికుల్లో ఎంత ఎక్కువగా వచ్చిందంటే దానికి జీపు జబ్బు అనే పేరే పడింది. మంగలి పని చేసేవాళ్లకు వేళ్ల సందుల్లో కూడా వస్తుంది. సుశ్రుతుడి నాడీవ్రణం (లోపలికి గొట్టంలా దారి చేసుకునే పుండు) అన్న మాట దీనికి బాగా నప్పుతుంది. మా బంధువుల కుర్రాడొకడు సిగ్గుపడి పైల్స్ అని చెప్పి, చాలా రోజులు పైల్స్ మందులే వాడాడు. పైలోనిడల్ సైనస్ కణితి కాదు, టెరటోమా చీముగడ్డ కాదు. చిన్న బిడ్డ కణితిని గడ్డ అంటే పట్టీ వేసి పిండేవాళ్లుంటారు, అదీ భయం.

పోస్టు రాసినవారు:
ఇంకోటి. కొందరు పిల్లల్లో బయటికి ఏమీ కనిపించదట కదా, అది ఎలా రాయాలి?

కామెంట్:
అవునండీ, ఆల్ట్‌మన్ అనే సర్జన్ 1974లో ఈ కణితిని విడదీసిన నాలుగు రకాల్లో నాలుగోది పూర్తిగా లోపలే ఉంటుంది. మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం తప్ప బయటికి ఆనవాలు ఉండదు, కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ కేన్సర్‌గా మారే అవకాశం పెరుగుతుంది, పుట్టిన వెంటనే తీసేసిన వాటిలో ఎక్కువ భాగం కేన్సర్ కాదు. అందుకే తీశాక కూడా కొన్నేళ్లు ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ కోసం రక్తపరీక్షకు రమ్మంటారు. పసిబిడ్డల్లో అది సహజంగానే ఎక్కువుంటుంది, నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది, రిపోర్టు చూసి టెన్షన్ పడొద్దని ఒక వాక్యం పెట్టండి.

పోస్టు రాసినవారు:
ఇలా రాశాను, చూడండి. "మీ పాపకు ముడ్డిపూస (వెన్నెముక చివరి ఎముక) దగ్గర టెరటోమా అనే కణితి ఉంది. ఇది మీ తప్పు వల్ల వచ్చింది కాదు. కణితితో పాటు ముడ్డిపూసనూ తీసేస్తాము. ఆ ఎముక తీసినందువల్ల పాప కూర్చోవడానికీ నడవడానికీ ఇబ్బంది ఉండదు."

కామెంట్:
బాగుంది. పాప బదులు బిడ్డ అనండి, మగపిల్లలకూ వస్తుంది కదా.