రెండు అండాశయాల్లో గడ్డలుంటే ఎండోస్కోపీ దేనికి?

గుంటూరు అబ్బాయి:
మా పెద్దమ్మకి యాభై దాటాయి. కొన్నాళ్లుగా పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలు తినేసరికే చాలంటుంది. గ్యాస్ అనుకుని మాత్రలతో నెట్టుకొచ్చింది. మొన్న అల్ట్రాసౌండ్‌లో రెండు అండాశయాల్లోనూ గడ్డలున్నాయి, పొట్టలో నీరు చేరింది అన్నారు. గైనిక్ డాక్టర్ గారు ఛాతీ, పొట్ట, పొత్తికడుపుకి కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) రాశారు, దాంతోపాటు ఎండోస్కోపీ కూడా. గడ్డ అండాశయంలో ఉంటే నోట్లోంచి గొట్టం వేసి చూడటం దేనికి? ఇంట్లోవాళ్లు ముందు ఆపరేషన్ చేయించేద్దాం అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

రేడియాలజీ పీజీ:
మీ డాక్టర్ గారు సరిగ్గా ఆలోచించారండి. అండాశయంలో కనిపించిన గడ్డ అక్కడే పుట్టి ఉండాలని లేదు, జీర్ణాశయంలోనో పెద్దపేగులోనో అపెండిక్స్‌లోనో మొదలై అక్కడికి పాకి ఉండొచ్చు. జీర్ణాశయం నుంచి అలా వచ్చేవాటిలో ఒక రకాన్ని క్రూకెన్‌బర్గ్ ట్యూమర్ అంటారు. 1896లో దాన్ని వర్ణించిన జర్మన్ డాక్టర్ క్రూకెన్‌బర్గ్ కూడా అది అండాశయంలోనే పుట్టిందనుకున్నాడు, వేరే చోటి నుంచి వస్తుందని తర్వాత తేలింది. ఇది ఎక్కువగా రెండు వైపులా వస్తుంది, కానీ అండాశయంలోనే పుట్టే క్యాన్సర్ కూడా రెండు వైపులా రావచ్చు కాబట్టి ఆ ఒక్క గుర్తుతో తేల్చలేం. అందుకే సీటీలో అండాశయాల దగ్గరే ఆగిపోం. జీర్ణాశయం గోడ ఎక్కడైనా మందంగా ఉందా, అపెండిక్స్ ఉబ్బిందా, పేగుల ముందుండే కొవ్వు పొర గట్టిపడిందా, అన్నీ చూస్తాం. జీర్ణాశయం ముడుచుకుని ఉంటే గోడ మందం సరిగ్గా తెలియదు, అందుకే చాలాచోట్ల స్కానుకి ముందు నీళ్లు తాగిస్తారు. అయినా గోడలోపల పల్చగా పాకే రకం క్యాన్సర్ సీటీకి దొరక్కపోవచ్చు, పొట్ట లోపలి పొర మీద మిల్లీమీటర్ల సైజు క్యాన్సర్ చుక్కలూ అంతే. సీటీలో జీర్ణాశయం మామూలుగా ఉందని వచ్చినా ఎండోస్కోపీ మానొద్దు.

విజయవాడ నుంచి:
మా అమ్మకి ఇదంతా జరిగింది. స్కాన్ సెంటర్‌లో అడిగినా అడక్కపోయినా "కొంచెం తినగానే కడుపు నిండిపోతోంది" అన్నది చెప్పండి, చీటీలో ఉత్త "అండాశయ గడ్డ" అని రాసుంటే చూసేవాళ్ల దృష్టి అటే పోతుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు పట్టుకెళ్లండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, ఏ మందైనా పడకపోయినా ముందే చెప్పాలి. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి, రెండో డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు అడిగేది అదే.

సర్జికల్ ఆంకాలజీ:
రక్తపరీక్షల్లో సీఏ-125 ఒక్కటే కాదు, సీఈఏ కూడా చేయించండి, రెండూ క్యాన్సర్ సూచన కోసం చూసేవే. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 25 లేదా అంతకంటే తక్కువ వచ్చినప్పుడు జీర్ణాశయం, పేగుల వైపు గట్టిగా వెతుకుతాం. ఇది సూచన మాత్రమే, తేల్చేది బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. ఇక ఆపరేషన్ సంగతి. అండాశయంలో పుట్టిన క్యాన్సర్‌కి ఆపరేషన్ చాలా ముఖ్యం, కొందరికి ముందు కీమో ఇచ్చి తర్వాత చేస్తాం. జీర్ణాశయం నుంచి వచ్చిందైతే దారి వేరు, అక్కడ ప్రధానంగా మందులే, అండాశయాలు తీసేసినంత మాత్రాన జబ్బు పోదు. ఎక్కడ మొదలైందో తెలియకుండా కోతకి తొందరపడొద్దని ఇంట్లో పెద్దవాళ్లకి గట్టిగా చెప్పండి. అలాగని నెలలు జాప్యం చేయకండి, ఈ పరీక్షలన్నీ కొద్దిరోజుల్లో అయిపోతాయి.

గుంటూరు అబ్బాయి:
అందరికీ థ్యాంక్సండి. సీఈఏ రాయలేదు, రేపు డాక్టర్ గారిని అడుగుతాను. పెద్దమ్మ ఎండోస్కోపీ అంటే భయపడుతోంది, మత్తు ఇచ్చి చేస్తారా?

విజయవాడ నుంచి:
అడిగితే చాలాచోట్ల ఇస్తారు. లేకపోతే గొంతులో మొద్దుబారే స్ప్రే కొడతారు, కొద్ది నిమిషాల పనే. మా అమ్మ స్ప్రేతోనే చేయించుకుంది.