జార్జి బొమ్మ కాసును కరిగించొచ్చా?

ప్రొద్దుటూరు పిల్లోడు:
మా జేజి పెట్టెలో పాత బంగారు కాసు ఒకటి ఉంది. ఒకవైపు గడ్డం రాజు, ఇంకోవైపు గుర్రమెక్కిన మనిషి, గుర్రం కాళ్ల కింద పామో మొసలో తెలియని జంతువు, అడుగున 1918. దండకు గుచ్చుకోవడానికి పైన రింగు అతికించారు. ఇక్కడ ఒక అంగట్లో చూపిస్తే కరిగించి ఉంగరం చేసిస్తాం, తరుగు పోతుంది అన్నారు. నాన్న సరే అంటున్నాడు కానీ నాకు మనసొప్పడం లేదు. బంగారం ధర కాక వేరే విలువేమన్నా ఉంటుందా?

కర్నూలు నాణేలు:
ఆగు తమ్ముడూ, కరిగిస్తే మళ్లీ రాదు. అది సవరను, బ్రిటిష్ వాళ్ల ఒక పౌండు నాణెం. రాజు ఐదో జార్జి. గుర్రం మీదున్నది సెయింట్ జార్జ్, కిందిది డ్రాగన్. ఆ బొమ్మ 1817లో పిస్త్రూచి అనే ఇటలీ శిల్పి చెక్కింది. మామూలుగా అయితే ఆ సెయింటుకు ఇనుప కవచం తొడుగుతారు, ఈయన మాత్రం గ్రీకు వీరుడిలా దాదాపు బట్టల్లేకుండా, తలకు శిరస్త్రాణం పెట్టి, వెనక ఎగిరే వస్త్రంతో కూర్చోబెట్టాడు. మొదట్లో చేతిలో విరిగిన ఈటె ఉండేది, 1821 నుంచి పొట్టి కత్తి వచ్చింది. నాకైతే నాణేల మీద ఇంతకన్నా మంచి బొమ్మ లేదు.

ఇప్పుడు భూతద్దం తీసుకో. ఏడాది అంకెలకు సరిగ్గా పైన, నేల గీత మీద, చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఐ ఉంటే బొంబాయిలో కొట్టింది. యుద్ధం రోజుల్లో అక్కడ లండన్ టంకశాల శాఖ పెట్టారు, 1919లో మూసేశారు. దాదాపు 13 లక్షల కాసులు, అన్నీ 1918 పేరు మీదే. ఎస్ అయితే సిడ్నీ, ఎం మెల్‌బోర్న్, పి పెర్త్, సి కెనడా. లండన్‌లో ఆ ఏడాది సవరన్లు కొట్టనేలేదు, కాబట్టి అక్షరమే లేకపోతే అనుమానించాల్సిందే.

అనంతపురం అన్న:
అన్నీ బాగానే చెప్పినావన్నా, కానీ పిల్లోడికి లేనిపోని ఆశ పెట్టొద్దు. టంకం పెట్టి రింగు అతికించినాక సేకరించేవాళ్లు ఎక్కువ ఇవ్వరు. రింగు కాక అసలు కాసు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, అందులో మేలిమి 7.32. రింగుతో కలిపి తూస్తే కొంచెం ఎక్కువ రావాలి, తక్కువ వస్తే అరిగిందన్నా అనుకో, ఎవరో ఆచారి అచ్చు పోసిందన్నా అనుకో. బంగారం మంచిదే పెట్టి అచ్చు పోసినవి మన వైపు చాలా ఉన్నాయి, వాటిలో అక్షరాలు మొద్దుగా ఉంటాయి. ఇంకోటి, నిజం కాసైతే దానికి తరుగు దేనికి? టంకం వరకు తీసుకోమను, మిగతాది 916 లెక్కనే కట్టమను.

ప్రొద్దుటూరు పిల్లోడు:
చూసినా అన్నా, ఐ ఉంది! కాకపోతే జిడ్డు పట్టి మసగ్గా ఉంది. చింతపండు పెట్టి తోమి ఫోటో పెట్టేదా?

కర్నూలు నాణేలు:
తోమొద్దు సామీ! గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది తీయి చాలు. రెండు వైపులా ఫోటో పెట్టు, అంచు కూడా.