1952లో నల్గొండకు ఇద్దరు ఎంపీలా? ఓటు ఎలా వేశారు?

ప్రశ్న (నల్గొండ కుర్రాడు):
గ్రూప్స్‌కి చదువుతున్నాను. మొదటి లోక్‌సభ సభ్యుల జాబితాలో నల్గొండ పక్కన రెండు పేర్లున్నాయి: రావి నారాయణరెడ్డి, సుంకం అచ్చాలు. ఉప ఎన్నిక కూడా కాదు, ఇద్దరూ ఒకేసారి గెలిచారు. ఒక్క నియోజకవర్గానికి ఇద్దరు ఎంపీలేంటండీ? ఓటరు ఇద్దరికీ వేశాడా? గెలిచాక ఊళ్లు పంచుకున్నారా?

జవాబు (పాత పేపర్ల పిచ్చోడు):
అది ద్విసభ్య నియోజకవర్గం, మనిషికి రెండు ఓట్లు. అందుకే "నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన రావి నారాయణరెడ్డి" అంటూ చెప్పుకునే రికార్డును నేను పెద్దగా పట్టించుకోను. రెండేసి ఓట్లున్న చోట అంకెలు పెరగవా మరి!

జవాబు (పార్వతీపురం మాస్టారు):
ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి. ఈ విషయం ఎత్తితే నన్ను ఆపడం కష్టం, ముందే చెబుతున్నా.

ముందు ఆ రికార్డు సంగతి. నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు, నెహ్రూకు 2,33,571. నెహ్రూ నిలబడ్డ అలహాబాద్ తూర్పు-జౌన్‌పూర్ పశ్చిమ స్థానం కూడా ద్విసభ్యమే బాబూ. ఆయనతో పాటు అక్కడ గెలిచింది మసూరియా దీన్. కాబట్టి రెండు ఓట్ల లెక్క ఇద్దరికీ ఒకటే, పోలికలో తప్పేమీ లేదు. అదీగాక హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో ఆయన పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేశారు.

ఇక పద్ధతి. ఎన్నికలు జరిగిన సీట్లు 489, నియోజకవర్గాలు మాత్రం 401. అందులో 314 చోట్ల ఒక్కొక్కరు, 86 చోట్ల ఇద్దరేసి, ఒక్క ఉత్తర బెంగాల్లో ముగ్గురు. ఎస్సీ, ఎస్టీలకు రిజర్వు చేసిన సీటును చాలా చోట్ల జనరల్ సీటుతో జత చేసి, ఒకే పెద్ద నియోజకవర్గంగా గీశారు. ఊళ్లు పంచుకోవడం లాంటిదేమీ లేదు, ఇద్దరూ మొత్తం నియోజకవర్గానికీ ప్రతినిధులే. ఇద్దరిదీ ఒకే పార్టీ కావాలనీ లేదు. కరీంనగర్ చూడండి: పీడీఎఫ్ నుంచి బద్దం ఎల్లారెడ్డి, అంబేడ్కర్ పార్టీ అయిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ నుంచి ఎం.ఆర్. కృష్ణ. ఆ ఎన్నికల్లో అంబేడ్కర్ బొంబాయిలో ఓడిపోయారు, ఆయన పార్టీకి దేశం మొత్తమ్మీద దక్కిన రెండు సీట్లలో ఒకటి మన కరీంనగరే.

ఓటేసే తీరు ఇప్పటి వాళ్లకు వింతగా ఉంటుంది. కాగితం మీద ముద్ర వేసే పనే లేదు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. రూపాయి నోటంత బ్యాలెట్ కాగితం తీసుకెళ్లి కావలసిన పెట్టెలో వేసి రావడమే. ద్విసభ్య స్థానంలో రెండు కాగితాలిస్తారు, రెండూ వేర్వేరు పెట్టెల్లో వేయాలి. మా వాడే గెలవాలని రెండూ ఒకే పెట్టెలో వేస్తే లెక్కలోకి వచ్చేది ఒక్కటే, రెండోది చెల్లదు.

అసలు తిరకాసు లెక్కింపులో ఉంది. ముందు రిజర్వుడు సీటు తేలుస్తారు: ఆ వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాడికి అది. ఆ తర్వాత మిగతా అందరిలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లకు జనరల్ సీటు. ఈ "అందరిలో" అన్నదాన్ని మా పార్వతీపురంలో వి.వి. గిరి గారు 1957లో రుచి చూశారు. అంతకుముందు పాతపట్నం నుంచి గెలిచి, కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసి, బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రైబ్యునల్ ఇచ్చిన అవార్డు (తీర్పు) గొడవలో 1954లో రాజీనామా చేసిన మనిషి. బిడ్డిక సత్యనారాయణకు 1,26,792, డిప్పల సూరిదొరకు 1,24,604, గిరి గారికి 1,24,039 ఓట్లు. మొదటి ఇద్దరూ ఎస్టీ అభ్యర్థులు. సత్యనారాయణ గారు రిజర్వుడు సీటు తీసుకుంటే, 565 ఓట్ల తేడాతో జనరల్ సీటు సూరిదొర గారికి వెళ్లింది. గిరి గారు ఇంటికి!

ప్రశ్న అడిగినవారు:
రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసినాయన జనరల్ సీటు ఎలా తీసుకుంటారు మాస్టారూ? కోర్టుకు వెళ్లలేదా?

జవాబు (పార్వతీపురం మాస్టారు):
వెళ్లారు, సుప్రీంకోర్టు దాకా. గిరి గారి వాదన అచ్చం మీరన్నదే: ఎస్టీనని రాసిచ్చాక ఆ సీటుకే పరిమితం కావాలని. దాంతో పాటు సూరిదొర గారు అసలు ఎస్టీయే కాదు, క్షత్రియుడని ఇంకో వాదన. 1959లో రెండూ వీగిపోయాయి. జనరల్ సీటు అంటే అగ్రకులాలకు కేటాయించింది కాదు, ఎవరైనా గెలుచుకోవచ్చు, రిజర్వేషన్ అదనపు రక్షణే తప్ప అడ్డుగోడ కాదు అన్నది తీర్పు సారం. నా మటుకు నాకు అది సరైన తీర్పే. గిరి గారంటే మా వైపు ఎంత అభిమానం ఉన్నా ఈ మాట అనక తప్పదు. ఆయనకు నష్టమేమీ జరగలేదు లెండి, గవర్నరయ్యారు, 1969లో రాష్ట్రపతీ అయ్యారు.

1957లోనూ ఇలాంటి స్థానాలు 91 ఉన్నాయి. 1961లో చట్టం చేసి అన్నింటినీ విడగొట్టారు, 1962 నుంచి ఒక సీటుకు ఒక్కరే. పార్వతీపురం ఎస్టీ స్థానమైంది, బిడ్డిక సత్యనారాయణే మళ్లీ గెలిచారు.

జవాబు (పాత పేపర్ల పిచ్చోడు):
నెహ్రూది కూడా ద్విసభ్యమేనన్న పాయింటు బాగుంది, ఒప్పుకుంటున్నా. మరి విడగొట్టడం వల్ల దళితులకు మేలు జరిగిందంటారా? జనరల్ సీట్లో కూడా గెలిచే దారి మూసుకుపోలేదా?

జవాబు (పార్వతీపురం మాస్టారు):
చట్టప్రకారం మూసుకుపోలేదు, జనరల్ స్థానంలో ఇప్పటికీ ఎవరైనా నిలబడొచ్చు. టికెట్ ఇచ్చే పార్టీ ఏది, అదీ మీ ప్రశ్న అయితే నా దగ్గర జవాబు లేదు. ద్విసభ్య స్థానంలో మాత్రం ఎస్సీ అభ్యర్థి కూడా జనరల్ అభ్యర్థి తిరిగినంత మేరా తిరగాలి, పద్నాలుగు లక్షల జనాభా ఉన్న ప్రాంతం. జీపు ఎవరిది, పెట్రోలు ఎవరిది అన్నది అక్కడే తేలిపోయేది.