ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలా?

ప్రశ్న: "అన్నమంతా పట్టి చూడాలా, ఒక్క మెతుకు చాలదూ?" అంటాం కదా. వెయ్యి మందిని అడిగి రాష్ట్రం మాట చెప్పే సర్వేలకు ఈ సామెత చెల్లుతుందా?

జవాబు 1: సగమే చెల్లుతుందండీ. బియ్యం ఒకటే రకం, ఎసరూ సెగా అంతటా అందాయి కనుక అక్కడ ఒక్కటి చాలు. జనం తలో రకం. అందుకే వందల్లో తీయాలి, ఎవరిని తీయాలో చీటీయే తేల్చాలి. అలా 400 మందిని తీస్తే వచ్చిన శాతానికి సుమారు 5 పాయింట్లు అటూ ఇటూ హద్దు. 1,600 మందికి సుమారు 2.5. ఇలా నూరుసార్లు తీస్తే దాదాపు 95 సార్లు అసలు శాతం ఆ హద్దుల్లో పడుతుంది. తేడా సగం కావాలంటే మంది నాలుగింతలు కావాలన్నమాట. జిల్లా అయినా దేశమైనా లెక్క దాదాపు ఇంతే. ఇక్కడ మాత్రం సామెత పక్కా నిజం: పెళ్లి డేగిశాకైనా గంపెడు మెతుకులు అక్కర్లేదు.

జవాబు 2: పైపై మెతుకే పట్టుకుంటే అడుగంటిన సంగతి తెలియదు. 1936 అమెరికా ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. పేర్లు ఎక్కువగా ఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌పై పోటీ చేసిన లాండన్‌దే గెలుపంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. జాబితా ఒరిగి ఉంటే, జవాబిచ్చినవాళ్లూ ఒక తీరువాళ్లే అయితే, లక్షలు పోగేసినా ఆ ఒరుగు పోదు.

ప్రశ్న: పంట దిగుబడి కూడా ఇలాగే కడతారా?

జవాబు 3: అవును, పంట కోత ప్రయోగం అదే. వరి వేసిన సర్వే నంబర్లలో కొన్నిటిని చీటీ పద్ధతిన తీస్తారు. పొలం నైరుతి మూల నుంచి, చీటీ తీసినట్టు వరుస లేకుండా అంకెలు రాసిన పట్టికలో వచ్చిన జత ప్రకారం పొడవున కొంత, వెడల్పున కొంత నడిచి, అక్కడ 5 మీటర్ల చదరం తాడుతో కడతారు. కోసి, నూర్చి, తూర్పారబట్టి తూస్తారు. 25 చదరపు మీటర్లు కనుక 400తో గుణిస్తే హెక్టారు లెక్క: 12 కిలోలైతే 4,800 కిలోలు. తడి ధాన్యాన్ని అలాగే లెక్కేస్తే దిగుబడి ఉబ్బుతుంది, ఆరాక తూకం చూడాల్సిందే.

ఎక్కువగా చెడేది తాడు దగ్గర. మొదలు తాడుకు లోపల ఉన్న దుబ్బులనే కోయాలి, మొదలు తాడు బయట ఉన్న దుబ్బుల నుంచి లోపలికి వాలిన వెన్నులు వదలాలి. మీటరు చదరంలో ఒక్కో చదరపు మీటరుకు 4 మీటర్ల అంచు, 5 మీటర్ల చదరంలో 0.8 మీటరే, చిన్న చదరంలో అంచు తప్పులు అందుకే ఎక్కువ. అంకె పడ్డచోట పైరు పలచగా ఉందని నాలుగడుగులు పక్కకు జరిగారో, మొదటి జవాబులో చెప్పిన అటూ ఇటూ హద్దులేవీ ఆ లెక్కకు వర్తించవు.